ఎండ వెంట వెళ్ళే బండి

డ్రైవరుగారు రిటైరైన నాలుగో నెలకల్లా ఆ ఇంట్లో ఆయన విప్పి బిగించని కుళాయి లేదు, నూనె వెయ్యని తలుపు బందు లేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే రూటులో సిటీ బస్సు నడిపిన మనిషి. తెల్లవారగానే డిపోలో సంతకం పెట్టి, నలభై రెండు స్టాపుల్లో ఆగుతూ, అద్దంలో వెనక్కి చూసుకుంటూ వెళ్ళడం అలవాటైన ఒంటికి ఊరికే కూర్చోవడం చేతకాలేదు. కాలుగాలిన పిల్లిలా ముందు గదిలోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి ముందు గదిలోకీ తిరిగేవారు. ముందు గదిలో భార్య కుట్టుమిషను ఉంది. ఆ భవనంలో నాలుగంతస్తుల వాళ్ళకీ ఆవిడ టైలరమ్మ. ఆయన తిరిగినప్పుడల్లా నేల మీద పరిచిన కటింగు గుడ్డల మీద అడుగు పడేది. బస్సు దిగారు కానీ కాళ్ళకింకా బ్రేకు పడలేదని ఆవిడ రోజుకోసారైనా అనేది.

అలా ఉండగా ఒక సాయంత్రం కోడలు తడి కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి పట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి మందుల షాపులో పనిచేస్తుంది. షాపు యజమాని అక్కగారికి పెద్ద తోట ఉందట, ఆవిడ స్ట్రాబెర్రీ పిలకలు పంచుతుంటే పది అడిగి తెచ్చుకుంది. పొట్లం విప్పితే ఒక్కో మొక్క చూపుడు వేలంత కూడా లేదు. మూడేసి ఆకులు, కింద దారప్పోగుల్లాంటి వేళ్ళు. వీటికి పళ్ళు కాస్తాయంటే నమ్మడం కష్టమే. కానీ డ్రైవరుగారు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, వీటికి కుండీలేవని అడిగారు. అడగడమే ఆలస్యం, లేచి వెతకడం మొదలుపెట్టారు. నాలుగు పెయింటు డబ్బాలు, పిడి ఊడిన బకెట్లు రెండు, మూతలు పోయిన ప్లాస్టిక్ డబ్బాలు నాలుగు. స్క్రూడ్రైవరు కాల్చి అన్నిటికీ అడుగున చిల్లులు పెట్టారు. ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన కంపు.

నాటడం మాత్రం అనుకున్నంత తేలిక కాలేదు. ఆకులన్నీ పుట్టుకొచ్చే ఆ నడిమి మొగ్గ మట్టిలో కూరుకుపోతే కుళ్ళిపోతుంది, మరీ పైకి తేలితే వేళ్ళు ఎండిపోతాయి అని కోడలు చెప్పింది. డ్రైవరుగారు ఒక్కో మొక్కనీ, కొత్త బస్సులో సీటు ఎత్తు సరిచేసుకున్నట్టు, కాస్త పైకి, కాస్త కిందికి జరుపుతూ కూర్చోబెట్టారు. పదీ అయ్యేసరికి నడుం పట్టేసింది. అయినా ఆ పూట భోజనాల దగ్గర ఆయన మాటలు ఆగలేదు.

మూడు వారాల్లో ఆ హుషారంతా నీరుగారిపోయింది. వాళ్ళది కింది అంతస్తులో వెనకవైపు వాటా. చుట్టూ భవనాలే. వంటింటి కిటికీలోకి రోజుకు యాభై నిమిషాలు ఎండ తొంగిచూసి పోతుంది. డాబా మీద పెడదామంటే పైన వాలు రేకుల కప్పు. మొక్కలు వెలుగు కోసం మెడలు చాచి, పాలిపోయి, కాడలు సన్నబడి కిటికీవైపు వాలిపోయాయి. కనీసం ఆరు గంటల ఎండ కావాలి మామయ్యా, ఇక్కడ లాభం లేదు, ఎవరికైనా ఇచ్చేద్దాం అని కోడలు నొచ్చుకుంటూ అంది.

ఆయన మర్నాడు పొద్దున్నే భార్య గుడ్డల మీద గీతలు గీసుకునే సుద్దముక్క జేబులో వేసుకుని ఆవరణలోకి వెళ్ళారు. గంటకోసారి ఎండ ఎక్కడ పడుతోందో చూసి అక్కడ నేల మీద గీత గీసి టైము రాశారు. గేటు మెట్ల దగ్గర, సైకిళ్ళ స్టాండు దగ్గర, పంపు గది ముందు, వెనక గోడ వారన. ఆయన వంగి వంగి నడవడం చూసి రెండో అంతస్తులో ఉండే లెక్కల టీచరు ఏం పారేసుకున్నారని అడిగింది. పారేసుకోలేదమ్మా, దొరికింది అన్నారాయన. సాయంత్రం ఇంట్లోకి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

"ఎండ మనింటికి రాదంతే. ఆవరణలో మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంది. మనమే దాని దగ్గరికి వెళ్ళాలి."

"పది డబ్బాలు మోసుకుంటూనా?" అంది టైలరమ్మ, సూది నోట్లోంచి తీసి.

"మోసుకుంటూ ఎందుకు? నడుపుకుంటూ."

కొడుకు ప్రెస్సులో పనిచేస్తాడు. కాగితం బేళ్ళు లాగే పాత బండి ఒకటి అక్కడ మూల పడి ఉంటే అడిగి తెచ్చాడు. నాలుగు ఇనుప చక్రాలు, మీద చెక్క పలక, తోయడానికి నడుమెత్తు పిడి. తండ్రీ కొడుకులు కలిసి దాని మీద మరో రెండు పలకలు మెట్ల మాదిరి బిగించారు, వెనక వరస మొక్కలకి ముందు వరస నీడ పడకుండా. ముందుకి ఐదు డబ్బాలు, వెనక ఐదు. చక్రాల్లో ఒకటి కుయ్యి కుయ్యిమని అరుస్తుంటే కొడుకు నూనె డబ్బా తెచ్చాడు. ఇంట్లో బందులన్నిటికీ నూనె పోసిన మనిషి దీనికి మాత్రం వద్దన్నారు. బండన్నాక హారను ఉండాలట.

ఆ మర్నాటి నుంచి సర్వీసు మొదలు. ఏడూ పదికి గేటు మెట్లు. తొమ్మిదీ ఐదుకి సైకిళ్ళ స్టాండు. పదకొండుకి పంపు గది. ఒంటిగంటా ఇరవైకి వెనక గోడ. మూడున్నరకు తిరిగి ఇంటి గుమ్మం, దానికి ఆయన పెట్టిన పేరు డిపో. వారం తిరిగేసరికి ఆకులు నిటారుగా లేచాయి. రెండు వారాలకి ముదురు పచ్చ రంగు తిరిగి, అంచులు కత్తిరించినట్టు పదునుగా తేలాయి. ఒక్కో మొక్కా అరచేతినిండా వచ్చింది. డ్రైవరుగారికి తిండి సహించడం, నిద్ర పట్టడం రెండూ ఒకేసారి మొదలయ్యాయి.

గొడవ మాత్రం రానే వచ్చింది. ఆ భవనం సంఘానికి కార్యదర్శి నాలుగో అంతస్తాయన. ఎక్కడ ఏం కనబడినా దాని మీద నోటీసు అంటించడం ఆయన అలవాటు కాబట్టి అందరూ ఆయన్ని చాటుగా నోటీసుగారు అనేవారు. మెట్ల మీద చెప్పులు విడవరాదు. కుళాయి కట్టకుండా వెళ్ళరాదు. నోటీసు బోర్డు మీద ఇతరులు ఏమీ అంటించరాదు. బండి నడిచిన ఐదో రోజున కొత్త కాగితం వెలిసింది, ఆవరణలో చక్రాల వాహనములు ఇష్టం వచ్చిన వేళల్లో అడ్డముగా నిలపరాదని. టైలరమ్మ అది చదివి వచ్చి, అనుకున్నంతా అయిందని దిగులుపడింది. డ్రైవరుగారు దిగులుపడలేదు. నోటీసులో ఇష్టం వచ్చిన వేళల్లో అని ఉంది. ఆయన బండి ఇష్టం వచ్చిన వేళల్లో ఎప్పుడు నిలిచింది కనుక? తెల్ల కాగితం మీద స్టాపులూ టైములూ గీతలు కొట్టి రాసి, సరిగ్గా ఆ నోటీసు కిందే అంటించారు.

నోటీసుగారు ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డారు. చింపడానికి చెయ్యి ఎత్తారని కూడా చూసినవాళ్ళు చెప్పారు. చింపలేదు. మర్నాడు పదకొండుకి పంపు గది దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నారు. బండి పదకొండుకి వచ్చింది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు నుంచి ఆయన అటు రావడం మానేశారు.

నెలన్నరకి పూలు వచ్చాయి. తెల్లటి ఐదు రేకులు, నడుమ పసుప్పచ్చ బొడిపె. పొద్దున గేటు మెట్ల దగ్గర మొదటి పూలు చూసి డ్రైవరుగారు బండిని అక్కడే వదిలి ఇంట్లోకి పరిగెత్తుకొచ్చారు, ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారైనా బస్సుని రోడ్డు మీద వదలని మనిషి. అందరూ వెళ్ళి చూశారు. కోడలు మాత్రం మొహమాటపడుతూ, మొదటి పూలు తుంచెయ్యాలి మామయ్యా అని నసిగింది. అప్పుడే కాయలు మోస్తే మొక్కకి బలం చాలదట, మొదటి విడత పోనిస్తేనే వేరు ఊనుకుంటుందట. తుంచడానికి డ్రైవరుగారి వేళ్ళు పువ్వు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాయి. ఇలా మూడుసార్లు. చివరికి టైలరమ్మ మెడలో వేలాడే చిన్న కత్తెర తీసి, దారం కొసలు కత్తిరించినట్టు టకటకా తొమ్మిది పూలూ కత్తిరించి పారేసింది. ఆ పూటంతా ఆయన భార్యతో మాట్లాడలేదు. రెండో విడత పూలు ముప్ఫైకి పైగా విచ్చుకున్నాక మాత్రం ఆయనే వెళ్ళి మాట్లాడారు.

రేకులు రాలి, పసుప్పచ్చ బొడిపెలు ఆకుపచ్చగా మారి, చొక్కా బొత్తాలంత అయ్యాయి. డ్రైవరుగారి ఆరాటం చూడాలి. కాయలు మట్టికి తగిలితే కుళ్ళుతాయని వాటి కింద ఎండుగడ్డి పరిచారు. పిట్టలు పొడుస్తాయని వల కప్పారు. స్టాపు స్టాపుకీ కుర్చీ వేసుకుని కూర్చుని కాయల్ని లెక్కపెట్టేవారు. నిన్న ఇరవై మూడు, ఇవాళ ఇరవై ఆరు అని దారిన పోయేవాళ్ళకి చెప్పేవారు. లెక్కల టీచరు ఉద్యోగానికి వెళ్తూ ఆగి, ఇవాళ ఎంత అని అడగడం మొదలుపెట్టింది.

ఒకరోజు పొద్దున తొమ్మిది కూడా కాలేదు, డ్రైవరుగారు రెండు చేతులూ దోసిలిపట్టి, అందులో ఏదో పెట్టుకుని లోపలికి వచ్చారు.

"పండింది. మొదటిది. ఎంత ఎర్రగా ఉందో చూడు."

టైలరమ్మ దోసిలిలోకి చూసి నవ్వేసింది. అది తెల్లటి కాయ. ఒక పక్కన మాత్రం ఉందా లేదా అన్నట్టు లేత గులాబి ఛాయ. పొద్దున్నే వేళాకోళమా అందావిడ. ఆయన ముఖంలో నవ్వు లేదు. ఒకసారి కాయనీ, ఒకసారి భార్యనీ చూశారు. షాపుకి బయలుదేరబోతున్న కోడలు సంచి పక్కనపెట్టి దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి నవ్వలేదు. మిషను మీదున్న దారపు కండెల్లో రెండు తీసి, తెలుపు ఏదో, లేత పసుపు ఏదో చెప్పమంది. ఆయన రెండూ ఒకటేగా అన్నారు. నల్లదీ, ముదురు నీలందీ చూపించింది. ఆయన చాలాసేపు చూసి, ఇదేం పరీక్ష అని విసుక్కున్నారు.

డిపోలో ఏటేటా కళ్ళ పరీక్షలో అట్ట మీది చివరి వరస దాకా గడగడా చదివిన మనిషి. నా కళ్ళకేమీ కాలేదని భీష్మించుకున్నారు. మరి కాయ ఎరుపెలా కనబడిందని అడిగితే, ఎండ అలా పడిందన్నారు. కానీ ఆ రోజు పంపు గది దగ్గర కూర్చుని ఎడమ కన్ను మూసి ఒకసారి, కుడి కన్ను మూసి ఒకసారి చూసుకున్నారు. ఏ కంటితో చూసినా అంతా టీ నీళ్ళలోంచి చూసినట్టే ఉంది. ఇలా ఎప్పటినుంచి ఉందో ఆయనకే తెలియదు. రోజుకింత చొప్పున వచ్చింది కాబట్టి లోకమే అలా ఉంటుందనుకున్నారు.

సాయంత్రం కోడలు పక్కన వచ్చి కూర్చుంది. బతిమాలలేదు, భయపెట్టనూ లేదు.

"ఇంకో పది పన్నెండు రోజుల్లో నిజంగానే ఎర్రబడతాయి మామయ్యా. మేమందరం చూస్తాం. మీరు మాత్రం మేం చెబితే విని ఊరుకోవాలి. అది నాకు బాగాలేదు."

ఆయన మర్నాడు ఏడూ పది సర్వీసు ముగించుకుని కంటి ఆస్పత్రికి బయలుదేరారు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయని డాక్టరమ్మ చెప్పింది. ముందు కుడి కంటికి ఆపరేషను. పావుగంట పని, అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. అయితే పదిరోజులు వంగకూడదు, బరువు ఎత్తకూడదు, ఏదీ తోయకూడదు. అంతవరకూ తలూపుతున్న డ్రైవరుగారు ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయారు. తోయకూడదంటే, చక్రాలున్న దాన్ని కూడానా అని అడిగారు. చక్రాలున్న దాన్ని కూడా అందావిడ.

ఇక బండి ఎవరు నడపాలి? కొడుకు తెల్లవారకముందే ప్రెస్సుకి వెళ్తాడు, కోడలు తొమ్మిదింటికి షాపుకి. మిగిలింది టైలరమ్మ. ఆపరేషనుకి రెండు రోజుల ముందు ఆవిడకి ట్రైనింగు మొదలైంది. గేటు దగ్గర పల్లం ఉంది కాబట్టి అక్కడ బండిని వెనక్కి లాగి పట్టుకోవాలి, సైకిళ్ళ స్టాండు దగ్గర మలుపులో ముందు చక్రం పట్టేస్తుంది కాబట్టి వెడల్పుగా తిప్పాలి, కదిలేముందు వెనక్కి చూడాలి. ఆయన పక్కనే నడుస్తూ చెబుతూంటే ఆవిడ ఓపిక పట్టింది, పట్టింది, ఇక పట్టలేకపోయింది.

"వెనక గోడ తప్ప ఏముందండీ చూడ్డానికి? ముప్ఫై ఏళ్ళ నుంచి మిషను కాలితో తొక్కుతున్నాను. దీన్ని చేత్తో తొయ్యలేనా?"

తోసింది కూడా. మలుపులో చక్రం పట్టెయ్యనే లేదు. అది చూసి డ్రైవరుగారికి ధైర్యమూ కలిగింది, కాస్త చిన్నతనమూ అనిపించింది.

ఆపరేషను నాడు కోడలు సెలవు పెట్టి ఆయన్ని తీసుకెళ్ళింది. పదిన్నరకల్లా కుడి కంటికి కట్టుతో ఇంటికి వచ్చి పడుకున్నారు. చుక్కల మందు తేవడానికి కోడలు మళ్ళీ బయటికి వెళ్ళింది. ఆయన కదలకుండా పడుకుని చెవులతోనే డ్యూటీ చేస్తున్నారు. ముందు గదిలో మిషను గడగడలాడుతోంది. ఎవరో బట్టలు సరిచూసుకోవడానికి వచ్చినట్టున్నారు, మాటలు వినబడుతున్నాయి. గోడ గడియారం పదకొండు కొట్టింది. మిషను ఆగలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. సైకిళ్ళ స్టాండు దగ్గర ఈపాటికి నీడ పడిపోయి ఉంటుంది. కాయలకి రంగు తిరిగే రోజులు, ఒక్క గంట ఎండ పోయినా ఎంత నష్టం. ఏమేవ్ అని పిలిచారు. మిషను చప్పుడులో ఆ పిలుపు కలిసిపోయింది. ఇక ఉండబట్టలేక గోడ పట్టుకుని మెల్లగా లేచారు.

అప్పుడు వినబడింది, కుయ్యి కుయ్యిమని.

ఆయన ఉన్నచోటే నిలబడిపోయారు. మిషను ఇంకా తిరుగుతూనే ఉంది. భార్య మిషను దగ్గర ఉంటే బండి ఎవరు తోస్తున్నారు? ఎవరైనా ఎత్తుకుపోతున్నారా? గోడ వెంట తడుముకుంటూ కిటికీ దగ్గరికి చేరి, మిగిలిన ఆ మసక కన్ను చిట్లించి చూశారు. తెల్ల చొక్కా మనిషి ఒకాయన బండిని రెండు చేతులా పట్టుకుని, పసిపిల్ల ఉన్న ఉయ్యాలని కదిపినంత జాగ్రత్తగా పంపు గదివైపు తోసుకెళ్తున్నాడు. మలుపులో వెడల్పుగా తిప్పాడు. ఆపాడు. ముందు వరస ఎండవైపు వచ్చేలా సరిచేశాడు. ఇటు తిరిగాక పోల్చుకున్నారు డ్రైవరుగారు. నోటీసుగారు.

కిటికీలో కట్టుతో కనబడ్డ మనిషిని చూసి నోటీసుగారు దొరికిపోయినట్టు నిలబడ్డారు.

"నాలుగు నిమిషాలు లేటు," అన్నారు డ్రైవరుగారు.

"ఆరు," అన్నారు నోటీసుగారు, చేతి గడియారం చూసుకుని. "మీ గోడ గడియారం వెనక ఉన్నట్టుంది. నేను రోజూ మా బాల్కనీలోంచి చూస్తూనే ఉంటానండీ. ఇవాళ బండి కదలకపోయేసరికి మనసు ఆగలేదు."

ఇంతలో టైలరమ్మ నాలిక కరుచుకుంటూ బయటికి పరిగెత్తుకొచ్చింది. మాటల్లో తేలిందేమిటంటే, నోటీసుగారు రెండు నెలలుగా పైనుంచి ఆ బండిని చూసి టైము సరిపెట్టుకుంటున్నారట. ఎవరికీ తెలియకుండా సాయంత్రాలు దిగివచ్చి కాయలు కూడా లెక్కపెట్టుకుంటున్నారట. ఇకమీదట పదకొండు సర్వీసు తనకి వదిలెయ్యమని అడిగారు. టైలరమ్మ వెంటనే ఒప్పుకుంది. డ్రైవరుగారు ఒక్క షరతు పెట్టారు, పిడిని మరీ అంత గట్టిగా పట్టుకోకూడదని.

మర్నాడు ఆస్పత్రిలో కట్టు విప్పారు. మొదట కనబడింది నర్సు తెల్లకోటు. అంత తెలుపు ఉంటుందని ఆయన మరిచిపోయారు. ఆస్పత్రి బయట ఆకాశం నీలంగా, కడిగి ఆరేసినట్టుంది. ఆటోలు, గోడల మీద ప్రకటనలు, రోడ్డు మీద తెల్ల గీతలు, అన్నీ ఎవరో నిన్ననే రంగులు వేసినట్టున్నాయి. నల్లద్దాలు పెట్టుకోమని కోడలు పోరుతున్నా మాటిమాటికీ వాటిని పైకెత్తి చూశారు. ఇంటికి వచ్చాక భార్య జుట్టులో అన్ని తెల్ల వెంట్రుకలు కనబడి నోరు తెరవబోయి మళ్ళీ మూసుకున్నారు, అదే మంచిదైంది.

బండి సైకిళ్ళ స్టాండు దగ్గరుంది. తిన్నగా దాని ముందుకి వెళ్ళి నిలబడ్డారు. ఆకులు ఇంత పచ్చగా ఉంటాయా? కాయల మీద పసుప్పచ్చ గింజలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. కాయలు మాత్రం తెల్లగా, పాలిపోయి, ఎక్కడా ఎరుపన్నది లేకుండా ఉన్నాయి. వారం కిందట తను తుంచింది ఇలాంటి దాన్నే కదా. సిగ్గేసింది. తర్వాత పకపకా నవ్వు వచ్చింది. కన్ను కదులుతుంది, నవ్వకండి మామయ్యా అని కోడలు కంగారుపడింది, తనూ నవ్వుతూనే.

ఇక ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆ ఇంట్లో అందరూ ఈనాటికీ చెప్పుకుంటారు. బండి తోయడానికి లేదు కాబట్టి డ్రైవరుగారు దాని వెంట ప్రయాణికుడిలా నడిచేవారు. ఏడూ పదికీ తొమ్మిదీ ఐదుకీ భార్య, పదకొండుకి నోటీసుగారు, ఒంటిగంటా ఇరవైకీ మూడున్నరకీ మళ్ళీ భార్య. స్టాపు రాగానే కుర్చీ వేసుకుని, పైవరసలో పెద్ద కాయ మీద చూపు నిలిపేవారు. మూడో రోజు దాని కొస గులాబి రంగు తిరిగింది. ఈసారి ఆయన ఎవరికీ చెప్పలేదు. లెక్కల టీచరు వచ్చి, అదిగో ఎరుపు అని చూపించినప్పుడు, ఇంకా కాదమ్మా, అది గులాబి అని ఎంతో తాపీగా తేడా చెప్పారు. ఐదో రోజుకి సగం దాకా పాకింది. ఆరో రోజు మబ్బు పట్టి అందరికీ ప్రాణం ఉసూరుమంది. నోటీసుగారు మధ్యాహ్నం మూడుసార్లు కిందికి దిగి ఆకాశంవైపు కోపంగా చూసి వెళ్ళారు. ఏడో రోజు ఎండ ఎప్పటికంటే ముందే వచ్చినట్టనిపించింది. సాయంత్రానికి తొడిమ దగ్గర గోరంత తెలుపు మాత్రం మిగిలింది.

ఎనిమిదో రోజు పొద్దున గేటు మెట్ల దగ్గర బండి ఆగింది. డ్రైవరుగారు వల పైకెత్తారు. తెలుపు లేదు. ఒక్కటి కాదు, మూడు కాయలు, తొడిమ దాకా, నిగనిగలాడుతూ ఎర్రగా ఉన్నాయి. ఆయన వెనక్కి తిరిగి ఎవరినీ పిలవలేదు. కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డారు. ట్రాఫిక్ దీపాల్లో వేల సార్లు చూసిన రంగే అది. ఇలా మాత్రం ఎప్పుడూ చూడలేదు. పక్కన నిలబడ్డ టైలరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, కొయ్యండి, మీరే అంది మెల్లగా. పైవరస కాబట్టి వంగనక్కర్లేదు. వేళ్ళ మధ్య తొడిమ పట్టుకుని తిప్పితే చిన్న చప్పుడుతో తెగివచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆ వాసన తలకెక్కింది. అంత చిన్న కాయలో అంత వాసన ఎలా పట్టిందో.

ఆ రోజు ఆదివారం కావడం మంచిదైంది. కొడుకూ కోడలూ ఇంట్లోనే ఉన్నారు. టైలరమ్మ నోటీసుగారికి కబురుపెడితే ఆయన బనీను మీదే దిగివచ్చారు, ఆయన్ని చొక్కా లేకుండా ఆ భవనంలో ఎవరూ చూసి ఎరగరు. మూడు పళ్ళు, ఐదుగురు మనుషులు. చాకుతో ముక్కలు చేసి పళ్ళెంలో పెట్టారు. ఎవరూ ముందు తీసుకోరు. చివరికి డ్రైవరుగారే ఒక ముక్క తీసి భార్య చేతిలో పెట్టారు. ఆవిడ నమిలి, కళ్ళు మూసి, ఇదేమిటండీ ఒకటే పులుపు అంది. అందరి ముఖాలూ వాడాయి. అంతలో ఆవిడ కళ్ళు తెరిచి, లేదు లేదు, వెనక తీపి వస్తోంది, ఆగండి, వస్తోంది అని రెండో ముక్కకి చెయ్యి చాచింది. కోడలు ఆ చెయ్యి పట్టుకుని ఆపి నవ్వింది. తర్వాత పళ్ళెం ఖాళీ కావడానికి అర నిమిషం కూడా పట్టలేదు. నోటీసుగారు పళ్ళెంలో మిగిలిన రసాన్ని వేలితో తుడిచి నాకుతూ, అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి ఆగిపోయారు.

మర్నాడు నాలుగు పండాయి. ఆ పైన రోజుకి ఆరూ ఏడూ. లెక్కల టీచరు దగ్గర మొదలుపెట్టి అంతస్తుకి ఒక గిన్నె చొప్పున భవనమంతా వెళ్ళాయి. పదకొండో రోజున డ్రైవరుగారు మళ్ళీ పిడి పట్టుకున్నారు. నెల తిరిగాక ఎడమ కంటికి ఆపరేషను అన్నప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆయనే వెళ్ళి తారీఖు తీసుకుని వచ్చారు. దాంతో రెండో కన్నూ బాగుపడింది. టైలరమ్మకి మాత్రం ఒక ఇబ్బంది వచ్చిపడింది, కుట్టులో ఎక్కడ నూలుపోగంత వంకర పోయినా ఆయన కనిపెట్టేస్తున్నారు.

పళ్ళ కాలం అయిపోయాక మొక్కలు పొడవాటి తీగలు చాచాయి. ప్రతి తీగ కొసనా ఒక పిల్లమొక్క. డ్రైవరుగారు వాటిని చిన్న చిన్న కప్పుల్లో మట్టి పోసి ఆనించి, వేళ్ళు పట్టాక తీగ కత్తిరించి, అడిగినవాళ్ళకల్లా ఇచ్చారు. అందరికంటే ముందు అడిగింది నోటీసుగారు. ఆయనది నాలుగో అంతస్తు, దక్షిణం బాల్కనీ. పొద్దున్నించి సాయంత్రం దాకా అక్కడ ఎండే ఎండ. రెండు నెలలయ్యాక, ఒకసారి వచ్చి చూడమని ఆయన పట్టుబట్టి పైకి తీసుకెళ్ళారు. నాలుగు కుండీల్లో నాలుగు మొక్కలు గుబురుగా, బలంగా, అంగుళం కదలనవసరం లేకుండా కూర్చుని ఉన్నాయి. డ్రైవరుగారు ఒక్కో ఆకు తిప్పి చూశారు, వేలితో మట్టి తడి చూశారు, బ్రహ్మాండంగా ఉన్నాయని మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నారు.

కిందికి వచ్చాక ఎలా ఉన్నాయని టైలరమ్మ అడిగింది.

"బాగానే ఉన్నాయి," అన్నారాయన, బండి పిడి మీద చెయ్యి వేస్తూ. "పాపం, పొద్దస్తమానం ఒకేచోట."